కాలేయం కబురు మోసుకొచ్చే బుల్లి సంచులు

ఏళ్ల తరబడి అతిగా మద్యం తాగిన మనిషి ఒకరోజు కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి ఆస్పత్రిలో చేరతాడు. జ్వరం ఉంటుంది, ఆకలి ఉండదు. రక్తంలో బిలిరుబిన్ విపరీతంగా పెరిగి ఉంటుంది, రక్తం గడ్డకట్టే శక్తి తగ్గిపోయి ఉంటుంది. దీన్ని డాక్టర్లు తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్ అంటారు. మద్యం వల్ల దెబ్బతిన్న కాలేయం మొత్తం మంటెక్కినట్టు వాచిపోయే స్థితి ఇది. కొన్ని వారాల్లోనే ప్రాణం మీదకు రావచ్చు.

దీనికి ఉన్న మందులు చాలా తక్కువ. అందులో ముఖ్యమైనది స్టెరాయిడ్. సాధారణంగా ప్రెడ్నిసొలోన్ అనే మందును రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు ఇస్తారు. అది వాపును అణచి కాలేయానికి కోలుకునే వ్యవధి ఇస్తుంది. అయితే ఆ మందు కొందరికి పనిచేస్తుంది, కొందరికి పనిచేయదు. పనిచేయని వాళ్లకు నష్టం మాత్రం మిగులుతుంది. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని కూడా అణచివేస్తుంది కాబట్టి ఇన్ఫెక్షన్లు చుట్టుముడతాయి. వెయ్యి మందికి పైగా రోగులతో బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2015లో వెలువడ్డాయి. అందులో ప్రెడ్నిసొలోన్ వాడినవారిలో 13 శాతం మందికి తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వస్తే, వాడనివారిలో 7 శాతం మందికి వచ్చాయి.

మరి ఎవరికి పనిచేస్తుందో ముందే తెలుసుకోవడం ఎలా? ఇప్పుడు చేస్తున్నది ఏమిటంటే, మందు మొదలుపెట్టి వారం ఆగడం. ఏడో రోజున బిలిరుబిన్ ఎంత తగ్గిందో చూసి, వయసు, ఆల్బుమిన్, మూత్రపిండాల పనితీరు, రక్తం గడ్డకట్టే సమయం కలిపి ఒక అంకె లెక్కగడతారు. ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో రూపొందింది కాబట్టి దానికి లిల్ స్కోరు అని పేరు. అది 0.45 దాటితే మందు పనిచేయడం లేదని అర్థం. 2007లో ఈ స్కోరును ప్రతిపాదించినప్పుడు, గీతకు ఇటువైపు ఉన్నవారిలో దాదాపు 85 శాతం మంది ఆరు నెలల తర్వాత బతికి ఉన్నారు. అటువైపు ఉన్నవారిలో 25 శాతం మందే మిగిలారు. అంత తేడా ఉన్న రెండు గుంపులను విడదీయడానికి వారం పడుతోంది. ఆ వారమంతా రెండు గుంపులకూ ఒకే మందు పడుతూ ఉంటుంది.

దక్షిణ ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఢిల్లీ ప్రభుత్వం నెలకొల్పిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివర్ అండ్ బిలియరీ సైన్సెస్ ఉంది. అందరూ ఐఎల్‌బీఎస్ అంటారు. కాలేయ జబ్బుల కోసమే నడిచే ఆస్పత్రి, పరిశోధన సంస్థ కూడా. ఆ వారం రోజుల నిరీక్షణను తప్పించగలమా అన్న ప్రశ్నను ఇక్కడి పరిశోధకులు పట్టుకున్నారు. సుకృతి మొదటి రచయితగా, సంస్థ డైరెక్టర్ డాక్టర్ శివ్ కుమార్ సరీన్ మార్గదర్శకత్వంలో చేసిన ఆ అధ్యయనం 2018లో అలిమెంటరీ ఫార్మకాలజీ అండ్ థెరప్యూటిక్స్ పత్రికలో వచ్చింది. మందు మొదలుపెట్టకముందే తీసిన రక్తంలో మైక్రోవెసికల్స్ అనే అతి చిన్న సంచులను లెక్కిస్తే, స్టెరాయిడ్ ఎవరికి పనిచేయదో ముందే అంచనా వేయవచ్చని ఆ అధ్యయనం చెప్పింది.

ఈ సంచులేమిటో చూద్దాం.

మన శరీరంలో దాదాపు ప్రతి కణమూ తన పొరలోంచి చిన్న చిన్న ముక్కలను బయటకు వదులుతూ ఉంటుంది. సబ్బు నీటి గొట్టం చివర బుడగ ఉబ్బి, తెగి, ఎగిరిపోయినట్టే కణం పొర కూడా ఒకచోట బయటికి ఉబ్బి, తెగి, గుండ్రంగా మూసుకుపోతుంది. దాని లోపల కణంలోని ద్రవం కొంత, కొన్ని ప్రొటీన్లు, కొన్ని ఆర్‌ఎన్‌ఏ ముక్కలు చిక్కుకుంటాయి. ఇలా పుట్టినవి మైక్రోవెసికల్స్. వీటి సైజు ఇంచుమించు 100 నుంచి 1000 నానోమీటర్ల మధ్య ఉంటుంది. ఇంకో రకం కణం లోపలే ఒక పెద్ద సంచిలో గుంపుగా తయారై, ఆ పెద్ద సంచి కణం పొరతో కలిసిపోయినప్పుడు బయటపడుతుంది. అవి ఎక్సోసోములు, 30 నుంచి 150 నానోమీటర్లు. రెండింటినీ, చనిపోతున్న కణాలు వదిలే పెద్ద ముక్కలనూ కలిపి ఎక్స్‌ట్రాసెల్యులార్ వెసికల్స్ అంటారు. రక్తంలోకి చేరాక ఏది ఏ దారిలో పుట్టిందో చెప్పడం దాదాపు అసాధ్యం. అందుకే ఈ రంగంలోని అంతర్జాతీయ సంఘం, పుట్టుక రుజువు చేయలేకపోతే ఎక్సోసోమ్ అనే మాట వాడొద్దని పదేపదే చెబుతోంది. ఈ వ్యాసంలో నేను వెసికల్ అనే మాటతోనే సరిపెడతాను.

ఐఎల్‌బీఎస్ అధ్యయనానికి పునాది ఈ పుట్టుకలోనే ఉంది. వెసికల్ తన తల్లికణం పొరతోనే తయారవుతుంది కాబట్టి ఆ పొర మీది గుర్తులు దాని మీదా ఉంటాయి. కాలేయ కణాల మీద ఏఎస్‌జీపీఆర్ అనే గ్రాహకం ఉంటుంది. రక్తంలో పాతబడిన కొన్ని ప్రొటీన్లను పట్టుకుని లోపలికి లాగేయడం దాని పని. అది ప్రధానంగా కాలేయ కణాల మీదే ఉంటుంది. కాబట్టి మోచేతి నరంలోంచి తీసిన రక్తంలో ఏఎస్‌జీపీఆర్ ఉన్న వెసికల్ కనిపించిందంటే, అది కాలేయం నుంచి వచ్చిందన్నమాట. అలాగే ఎముక మజ్జకు చెందిన మూలకణాల మీద సీడీ34 అనే ప్రొటీన్ ఉంటుంది. స్టెరాయిడ్‌కు స్పందించని రోగుల రక్తంలో ఈ రెండు రకాల వెసికల్సూ ఎక్కువగా ఉన్నాయని పరిశోధకులు గమనించారు.

వాళ్లు రక్తాన్ని రెండు చోట్ల నుంచి తీశారు. ఒకటి మామూలుగా చేతి నరం నుంచి, రెండోది కాలేయం నుంచి గుండె వైపు వెళ్లే హెపాటిక్ సిర నుంచి. ఈ రెండోదాని గురించి కాస్త చెప్పాలి. కాలేయంలో ఏం జరుగుతోందో చూడాలంటే మామూలుగా పక్కటెముకల మధ్య నుంచి సూది గుచ్చి చిన్న ముక్క తీస్తారు. కానీ ఈ రోగుల పొట్టలో నీరు చేరి ఉంటుంది, రక్తం సరిగా గడ్డకట్టదు. అలా గుచ్చితే లోపల రక్తస్రావం కావచ్చు. అందుకని మెడలోని సిర ద్వారా సన్నని గొట్టాన్ని గుండె మీదుగా కాలేయం సిరలోకి పంపి, లోపలి నుంచే ముక్క తీస్తారు. అదే దారిలో రక్తమూ తీయవచ్చు. ఇది నిపుణులు, ఎక్స్‌రే యంత్రం ఉన్నచోటే జరిగే పని. జిల్లా ఆస్పత్రిలో అయ్యేది కాదు. అధ్యయనంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన విషయం, కాలేయం సిరలోని వెసికల్స్ చెప్పిన కబురునే చేతి నరంలోని వెసికల్స్ కూడా చెప్పగలగడం. పరీక్ష ఎప్పటికైనా పెద్ద నగరాలు దాటి బయటకు రావాలంటే అది చేతి నరం నుంచే కావాలి.

స్పందించనివారిలో ఇవి ఎందుకు ఎక్కువ? దెబ్బతిన్న కణాలు ఎక్కువ వెసికల్స్ వదులుతాయన్నది సులువుగా తట్టే జవాబు. కాలేయం ఎంత దెబ్బతింటే అంత ఎక్కువ, అంతే మందుకు లొంగదు. కానీ కథ అంతటితో ఆగకపోవచ్చు. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2016లో ఒక ప్రయోగం ప్రచురించారు. మద్యం ప్రభావానికి గురైన కాలేయ కణాలు వదిలిన వెసికల్స్‌లో సీడీ40 లైగాండ్ అనే ప్రొటీన్ ఉందనీ, అది మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలను రెచ్చగొడుతోందనీ అందులో తేలింది. అంటే ఈ సంచులు మంట కబురు మోసేవి మాత్రమే కాదు, ఆ మంటను ఇంకో కణానికి అంటించేవి కూడా కావచ్చు.

నలభై ఏళ్ల కిందట ఈ మాట చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. 1946లో ఎర్విన్ ఛార్గాఫ్, రాండాల్ఫ్ వెస్ట్ అనే ఇద్దరు ప్లాస్మాను చాలా వేగంగా తిప్పి చూశారు. డీఎన్‌ఏలో అక్షరాల జతల లెక్క చెప్పి తర్వాత ప్రసిద్ధుడైన ఛార్గాఫ్ ఈయనే. అలా తిప్పాక ఏవో కణికలు అడుగున చేరాయి, పైన మిగిలిన ప్లాస్మా గడ్డకట్టడానికి ఎక్కువసేపు తీసుకుంది. 1967లో బ్రిటన్‌లో పీటర్ వుల్ఫ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఆ కణికలను చూసి, అవి ప్లేట్‌లెట్ల నుంచి రాలినవని గుర్తించాడు. వాటికి ఆయన పెట్టిన పేరు ప్లేట్‌లెట్ ధూళి.

ఢిల్లీలో ప్లేట్‌లెట్ అన్న మాట వినని ఇల్లు లేదు. వర్షాలు వెనక్కి తగ్గే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో డెంగీ వచ్చిందంటే చాలు, ఇంటిల్లిపాదీ రోజూ కౌంట్ అడుగుతూ ఉంటారు. ఫరీదాబాద్‌లోని రీజనల్ సెంటర్ ఫర్ బయోటెక్నాలజీ, ఎయిమ్స్ తదితర సంస్థల పరిశోధకులు కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనం, డెంగీలో కౌంట్ ఎంత తీవ్రంగా పడిపోతుందన్నది ప్లేట్‌లెట్లు ఎంతగా ఉత్తేజితమయ్యాయన్నదాని మీద ఆధారపడుతుందని చూపింది. ఉత్తేజితమైన ప్లేట్‌లెట్ చేసే పనుల్లో వెసికల్స్ రాల్చడం ఒకటి. వుల్ఫ్ చూసిన ధూళి అదే.

1983లో రెండు బృందాలు, మాంట్రియల్‌లో రోజ్ జాన్‌స్టోన్‌ది ఒకటి, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో క్లిఫర్డ్ హార్డింగ్‌ది ఒకటి, ఇంకా పూర్తిగా పక్వం కాని ఎర్ర రక్తకణాలు తమకు అక్కర్లేని గ్రాహకాలను చిన్న సంచుల్లో కట్టి బయట పారేయడం చూశాయి. దాంతో ఇవి కణం చెత్తబుట్టలు అన్న అభిప్రాయం స్థిరపడింది. 1996లో రక్షక కణాలు వదిలిన వెసికల్స్ ఇతర రక్షక కణాలను ఉత్తేజపరచగలవని తెలిసింది. 2007లో స్వీడన్ పరిశోధకులు వీటిలో ఆర్‌ఎన్‌ఏ ఉందనీ, దాన్ని అందుకున్న కణం దాని ప్రకారం ప్రొటీన్ తయారుచేయగలదనీ చూపారు. చెత్త అనుకున్నదాంట్లో సందేశం దొరికాక ఈ రంగంలోకి పరిశోధకులు వెల్లువలా వచ్చారు.

ఇక నాకు ఇష్టమైన భాగానికి వస్తాను. ఇంత చిన్నవాటిని లెక్కపెట్టడం ఎలా?

మామూలు మైక్రోస్కోపుతో కుదరదు. కాంతి తరంగం పొడవు వల్ల దాదాపు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు బిందువులను అది విడదీసి చూపలేదు. కానీ వస్తువు ఆకారం కనబడకపోయినా, అది వెదజల్లిన వెలుగు కనబడుతుంది. చీకటి గదిలో కిటికీ సందులోంచి ఎండ పడితే ధూళి మెరిసినట్టే. ద్రవంలోకి లేజర్ కిరణం పంపితే ఒక్కో వెసికల్ ఒక్కో చుక్కలా మెరుస్తుంది. ఆ చుక్కలు నిలకడగా ఉండవు. నీటి అణువులు నిరంతరం ఢీకొంటుంటే అటూ ఇటూ వణుకుతూ తిరుగుతాయి. ఇదే బ్రౌనియన్ చలనం. ఎమ్మెస్సీలో నేను దీని సూత్రాన్ని మార్కుల కోసం బట్టీపట్టాను. కణిక చిన్నదైతే వేగంగా తిరుగుతుంది, పెద్దదైతే నెమ్మదిగా. సగం సైజున్న కణిక వ్యాపన గుణకం రెట్టింపు. 100 నానోమీటర్ల వెసికల్ నీటిలో ఒక సెకనులో సుమారు నాలుగు మైక్రోమీటర్లు జరుగుతుంది, అంటే తన సైజుకు నలభై రెట్లు. వీడియో తీసి ఒక్కో చుక్క ఎంత దూరం జరిగిందో కంప్యూటరుతో కొలిస్తే, అది ఎంత పెద్దదో వెనక్కి లెక్కగట్టవచ్చు. నానోపార్టికల్ ట్రాకింగ్ అనే యంత్రం చేసే పని ఇంతే. 1905లో ఐన్‌స్టీన్ రాసిన సూత్రం ఇప్పుడు రోగి రక్తం మీద పనిచేస్తోంది.

కానీ ఆ పద్ధతి సైజు చెబుతుంది, తల్లికణం ఎవరో చెప్పదు. ఆ పనికి ఫ్లో సైటోమీటర్ కావాలి. ఏఎస్‌జీపీఆర్‌ను పట్టుకునే యాంటీబాడీకి మెరిసే రంగు అతికించి రక్తంలో కలుపుతారు. ద్రవాన్ని సన్నని ధారగా లేజర్ ముందు నుంచి పంపిస్తే, రంగు అంటిన వెసికల్ దాటినప్పుడల్లా యంత్రం ఒకటి లెక్కిస్తుంది. ఇక్కడ భౌతికశాస్త్రం మొండికేస్తుంది. కాంతి తరంగం కన్నా బాగా చిన్న కణిక వెదజల్లే వెలుగు దాని వ్యాసం ఆరో ఘాతాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం సగమైతే వెలుగు 64 రెట్లు పడిపోతుంది. మామూలు సైటోమీటర్లు కణాలను లెక్కించడానికి చేసినవి. కణాలు వెసికల్స్ కన్నా ఎన్నో రెట్లు పెద్దవి. అందుకే చాలా యంత్రాలకు పెద్ద వెసికల్స్ కనిపిస్తాయి, చిన్నవి యంత్రం రొదలో కలిసిపోతాయి. ఇంకో చిక్కు, చిన్నవి గుంపుగా ఒకేసారి లేజర్ దాటితే యంత్రం వాటిని ఒక పెద్దదిగా లెక్కగడుతుంది. ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో ఎన్ని వెసికల్స్ ఉంటాయన్న ప్రశ్నకు వేర్వేరు ప్రయోగశాలలు ఇచ్చిన జవాబుల మధ్య వేల రెట్ల తేడా ఉండటానికి కారణం ఇదే.

దీనికి తోడు రక్తంలో వెసికల్స్ ఒంటరిగా ఉండవు. కొవ్వును మోసే లైపోప్రొటీన్ కణికలు అదే సైజులో, వాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సంఖ్యలో తిరుగుతుంటాయి. పూరీ కూర తిని వచ్చిన మనిషి ప్లాస్మా పాలలా తెల్లబడితే అందులో వెసికల్‌ను వెతకడం ఎంత కష్టమో ఊహించండి.

రక్తం తీశాక కూడా లెక్క మారుతూనే ఉంటుంది. ట్యూబులో ఉన్న ప్లేట్‌లెట్లు బతికే ఉంటాయి. ట్యూబును కుదిపినా, ఎక్కువసేపు వదిలేసినా, చల్లబరచినా అవి ఉత్తేజితమై కొత్త వెసికల్స్ రాలుస్తాయి. నోయిడాలో తీసిన రక్తం మోటారుసైకిల్ మీద గుంతల రోడ్డు దాటి ఢిల్లీ ల్యాబుకు చేరేసరికి అందులో ఉన్నది రోగి శరీరంలో ఉన్నదేనా, దారిలో పుట్టిందా? అందుకని సిట్రేట్ ట్యూబులో రక్తం తీయాలనీ, ప్లేట్‌లెట్లు పూర్తిగా పోయేలా భూమ్యాకర్షణకు 2,500 రెట్ల బలంతో 15 నిమిషాల చొప్పున రెండుసార్లు తిప్పాలనీ నియమాలు పెట్టుకున్నారు. పరిశోధన వార్డులో ఇది పాటించవచ్చు. రోజుకు వందల ట్యూబులు చూసే ల్యాబులో పాటించడం వేరే సంగతి.

ఇలాంటి చిక్కులు పట్టించుకోకపోతే ఏమవుతుందో చూపే ఉదాహరణ మెదడు జబ్బుల పరిశోధనలో ఉంది. ఎల్1క్యామ్ అనే ప్రొటీన్ నాడీకణాల గుర్తు అనుకుని, అది ఉన్న వెసికల్స్‌ను రక్తంలోంచి వేరుచేసి, మెదడు నుంచి వచ్చిన కబురుగా ఏళ్ల తరబడి చదివారు. అల్జీమర్స్, పార్కిన్సన్స్ మీద ఎన్నో పేపర్లు వచ్చాయి. 2021లో హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ వాల్ట్ బృందం నేచర్ మెథడ్స్‌లో ఒక పరీక్ష ప్రచురించింది. ప్లాస్మాలోనూ, వెన్నుద్రవంలోనూ ఎల్1క్యామ్ వెసికల్స్‌కు అంటుకుని లేదనీ, విడిగా కరిగిన ప్రొటీన్‌గా తిరుగుతోందనీ అందులో తేలింది. అంతకుముందటి పేపర్లన్నీ తప్పని దీని అర్థం కాదు. ఆ వాదన ఇంకా నడుస్తోంది. కానీ చిరునామా చూసి ఉత్తరం చదివామనుకున్నవాళ్లు కవరు అసలు ఉందో లేదో మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. కాలేయం విషయంలో పరిస్థితి కాస్త మెరుగు. ఏఎస్‌జీపీఆర్ కాలేయానికి బలమైన గుర్తు, పైగా వెసికల్ కాలేయం నుంచి రక్తంలోకి రావడానికి మెదడు చుట్టూ ఉన్నట్టు గట్టి అడ్డుగోడ లేదు. అయినా సైటోమీటర్ ఏ సైజును చూడగలిగింది, ఏది వదిలేసింది అన్న ప్రశ్న ఈ అధ్యయనానికీ వర్తిస్తుంది.

ఢిల్లీలోనే ఎయిమ్స్ బయోఫిజిక్స్ విభాగంలో సరోజ్ కుమార్ బృందం ఇంకో దారి పట్టింది. రక్తాన్ని పక్కనబెట్టి లాలాజలం తీసుకుంది. వెసికల్ పొరలోని కొవ్వుకు అంటుకునే మెరిసే రంగు వేసి, ఇందాక చెప్పిన నానోపార్టికల్ ట్రాకింగ్ పద్ధతిలో ఆ మెరుపును మాత్రమే లెక్కించింది. పార్కిన్సన్స్ రోగుల లాలాజలంలో ఇవి ఆరోగ్యవంతుల్లో కన్నా ఎక్కువగా ఉన్నాయని 2023లో బీఎంసీ మెడిసిన్‌లో ప్రచురించింది. సూది అక్కర్లేదు, చేతులు వణికే పెద్దాయన చిన్న డబ్బాలో ఉమ్మితే చాలు.

వెసికల్స్‌ను కొలవడమే ఇంకా కుదురుకోని ఈ దశలో, వాటిని మందుగా అమ్మేవాళ్లు మాత్రం ముందుకెళ్లిపోయారు. మన నగరాల్లో చర్మానికి, జుట్టుకు చికిత్స చేసే క్లినిక్కుల ప్రకటనల్లో ఎక్సోసోమ్ అనే మాట ఇప్పుడు మామూలైంది. అమెరికాలో ఇలాంటి ఉత్పత్తులు ఎక్కించుకున్న కొందరు తీవ్రంగా జబ్బుపడ్డాక, అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో హెచ్చరిక జారీ చేసింది. తాను ఆమోదించిన ఎక్సోసోమ్ ఉత్పత్తి ఒక్కటీ లేదని అందులో స్పష్టంగా చెప్పింది. సీసాలో ఎన్ని వెసికల్స్ ఉన్నాయి, ఏ కణాలవి, ఎలా లెక్కించారు అని అడిగితే అమ్మేవాళ్లు ఏం చెబుతారో వినాలని నాకు కుతూహలంగా ఉంటుంది.

ఐఎల్‌బీఎస్ పరీక్ష వార్డులోకి రావాలంటే ముందు మిగతా ఆస్పత్రుల్లో, వేరే యంత్రాల మీద, వేరే రోగుల్లో అదే ఫలితం రావాలి. వెసికల్ లెక్క చూసి స్టెరాయిడ్ మానేసిన రోగులు, మామూలుగా వారం ఆగిన రోగుల కన్నా బాగున్నారా అన్నదీ తేలాలి. ఎందుకంటే స్టెరాయిడ్ వద్దని మొదటి రోజే తెలిసినా, దాని బదులు ఇవ్వడానికి చేతిలో ఉన్నవి తక్కువే. వాటిలో అన్నిటికన్నా బలమైనది కాలేయ మార్పిడి. దానికి దాత కావాలి, డబ్బు కావాలి, ఇంట్లోవాళ్లతో మాట్లాడి ఒప్పించే సమయం కావాలి. ఒక వారం ముందే తెలిస్తే ఆ మాటలు వారం ముందే మొదలుపెట్టవచ్చు.

ప్రస్తుతానికి వసంత్ కుంజ్‌లోనైనా, విజయవాడలోనైనా డాక్టరు మందు మొదలుపెట్టి, ఏడో రోజు ఉదయం మళ్లీ బిలిరుబిన్‌కు రక్తం పంపి, వచ్చిన అంకెలతో లిల్ స్కోరు వేస్తున్నారు.